రాయి ఆగాలి, గాలి సాగాలి



ముందు పోయే టిప్పర్ వైపు నుంచి ఒక కంకరరాయి ఎగిరొచ్చి కారు అద్దానికి తగిలిందంటే బండిలో ఉన్నవాళ్లందరూ ఉలిక్కిపడతారు. బండి ఆపి దిగి చూస్తారు, వేలితో తడిమి చూస్తారు, బీమాలో వస్తుందా రాదా అని రెండు రోజులు మాట్లాడుకుంటారు. అదే రాయి ఇంకో రెండడుగులు కిందుగా వచ్చి, బంపర్ కింది గ్రిల్లులోంచి లోపలికి దూరితే మాత్రం ఎవరికీ పట్టదు. పాటలు పెట్టుకుని ఉంటే ఆ చప్పుడు వినపడను కూడా వినపడదు. కొన్నాళ్లకు బండి మునుపటిలా లాగడం లేదని, డీజిల్ ఎక్కువ తాగుతోందని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తారు. ఆయన బండి కింద దూరి, అటూ ఇటూ చూసి, ఇంటర్‌కూలర్‌కి చిల్లు పడిందండీ అంటాడు. అలాంటి వస్తువొకటి తమ బండిలో ఉందని చాలామందికి తెలిసేది ఆ రోజే.

ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే డీజిల్ కార్లలో దాదాపు అన్నింటికీ టర్బో ఉంది. చిన్న పెట్రోల్ ఇంజిన్లకూ వరసగా వచ్చేస్తోంది. టర్బో ఆలోచన కొత్తదేం కాదు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఇంజిన్ వదిలే పొగ ఊపుతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రం బయటి గాలిని పీల్చి ఇంజిన్‌లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ మండించవచ్చు, చిన్న ఇంజిన్‌తోనే పెద్ద బండిని లాగించవచ్చు.

అయితే గాలిని కుక్కితే అది వేడెక్కుతుంది. సైకిల్‌కి పంపుతో గాలి కొట్టిన ప్రతివాళ్లకూ ఇది తెలుసు, పంపు అడుగుభాగం చేతికి చురుక్కుమంటుంది. 35 డిగ్రీల గాలిని టర్బో రెట్టింపు ఒత్తిడికి తెచ్చిందనుకోండి, లెక్క ప్రకారమే అది 100 డిగ్రీలు దాటుతుంది. టర్బోలో జరిగే నష్టం కూడా కలిపితే 120, 130 దాకా పోతుంది. వేడి గాలి పలచగా ఉంటుంది కాబట్టి కుక్కినా పెద్దగా లాభం ఉండదు. అందుకని ఆ గాలిని ఇంజిన్‌లోకి పంపే ముందు ఒక అల్యూమినియం పెట్టెలోంచి తిప్పి చల్లబరుస్తారు. అదే ఇంటర్‌కూలర్. 130 డిగ్రీల గాలి 60 డిగ్రీలకు దిగితే, అదే ఒత్తిడిలో అదే జాగాలో సుమారు ఐదో వంతు గాలి ఎక్కువ పడుతుంది.

చూడ్డానికి చిన్న రేడియేటర్‌లాగే ఉంటుంది. లోపల నీళ్లకు బదులు టర్బో గాలి పోతుందంతే. చదునైన గొట్టాలు వరసగా ఉంటాయి, వాటి మధ్య మడతలు మడతలుగా రేకులు. ఆ రేకులను ఫిన్లు అంటారు. వేలితో కాస్త గట్టిగా నొక్కితే చాలు, పక్కకు వాలిపోతాయి. బయటి గాలి ఈ ఫిన్ల సందుల్లోంచి పోతూ వేడిని లాక్కెళ్లాలి. అందుకే ఇంటర్‌కూలర్‌ని గాలి బాగా తగిలే చోట పెడతారు. మన దగ్గరకు 2009లో వచ్చిన మొదటి తరం ఫార్చ్యూనర్‌లో అది ఇంజిన్ మీద ఉండేది, బానెట్ మీది కన్నంలోంచి గాలి వచ్చేది. కొన్ని బండ్లలో నీళ్లతో చల్లబరిచే రకం ఉంటుంది, వాటి సంగతి వేరు. ఎక్కువ కార్లలో మాత్రం ముందుభాగాన, బంపర్ కింద, ఏసీ కండెన్సర్‌కు ముందో పక్కనో కిందో ఉంటుంది. అంటే రోడ్డుకి బాగా దగ్గరగా, రాళ్లు వచ్చే దారిలోనే.

మీ బండి ముందు గొంతుక్కూర్చుని, సెల్‌ఫోన్ లైటు వేసి కింది గ్రిల్లులోకి చూడండి. ఏడాది రెండేళ్లు తిరిగిన బండి అయితే కనిపించే దృశ్యం ఇంచుమించు ఒకటే. ఎండిన వేపాకులు, రెక్కలు ఊడిన ఉసిళ్లు, ఓ సీతాకోకచిలుక, బురద చారలు. వాటి మధ్య అక్కడక్కడా బఠాణీ గింజంత మేర ఫిన్లు అణిగిపోయి, మెరుస్తూ కనిపిస్తాయి. ఆ మెరుపే రాయి గుర్తు. ఫిన్ వంగితే గాలి కారిపోదు, ఆ మేర చల్లదనం తగ్గుతుంది. దెబ్బ గొట్టానికి తగిలి పగిలితేనే అసలు నష్టం. చిల్లు చుట్టూ నూనె తడి, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి మచ్చ కనిపిస్తే అనుమానించాలి. ఎందుకంటే టర్బో గాలితోపాటు కొద్దిగా ఇంజిన్ ఆయిల్ ఆవిరి కూడా పోతుంటుంది, చిల్లులోంచి మొదట బయటపడేది అదే.

గొట్టానికి చిల్లు పడ్డ బండి ఆగిపోదు, అదే దీనితో చిక్కు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ముందువైపు నుంచి బుస్సుమని శబ్దం వస్తుంది. డీజిల్ బండి అయితే నల్ల పొగ కూడా. ఇంజిన్‌లోకి ఇంత గాలి వస్తోందనుకుని కంప్యూటర్ డీజిల్ కొలిచి పోస్తుంటే, ఆ గాలిలో కొంత దారిలోనే కారిపోతుంటుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో ఆ మసంతా పొగగొట్టంలోని ఫిల్టర్‌లో పేరుకుంటుంది. ఆ ఫిల్టర్ ధర విన్నవాళ్లు ఇంటర్‌కూలర్ ధరే నయమంటారు. రాయి తగిలి పాడైతే సాధారణంగా వారంటీలోకి రాదు, బయటి దెబ్బ అని తేల్చేస్తారు.

ఇక రాయి బలం ఎంతో చూద్దాం. 10 మిల్లీమీటర్ల గ్రానైట్ ముక్క గ్రామున్నర కూడా తూగదు. 20 మిల్లీమీటర్ల కంకరరాయి, అంటే మనం స్లాబు కాంక్రీటులో వాడేది, 11 గ్రాముల దాకా ఉంటుంది. కొలత రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు పెరిగిందన్నమాట. వేగం సంగతీ అంతే. గంటకు 50 కిలోమీటర్ల దగ్గర తగిలే దెబ్బకు, 100 దగ్గర తగిలే దెబ్బ నాలుగు రెట్లు. రాయి ఎదురొస్తుంటే దాని వేగం కూడా మన వేగానికి కలుస్తుంది. పైగా అందరూ అనుకున్నట్టు ఈ రాళ్లు ఎక్కువగా టిప్పర్ తొట్టిలోంచి రాలేవి కావు. రోడ్డు మీద పడి ఉన్నవాటిని టైర్లు విసురుతాయి. వెనక జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి మరీ ప్రమాదం, అది వదులైనప్పుడు ఒడిసెలలోంచి వచ్చినట్టే వస్తుంది. అలాంటి బండి వెనక ఎంత దూరం జరిగితే అంత మంచిది. దాన్ని దాటేద్దామని ఆత్రంగా దగ్గరికెళ్లి పక్కకు తీసే ఆ నాలుగు క్షణాల్లోనే ఎక్కువ రాళ్లు తగులుతాయి.

ఈ రాళ్లను ఆపడానికి కొందరు గ్రిల్లు వెనక, ఇంటర్‌కూలర్‌కు ముందు ఇనుప జాలి కట్టుకుంటారు. ఆ జాలి అందరికీ అక్కర్లేదు. ఊళ్లోనే ఆఫీసుకు వెళ్లొచ్చే కారుకి అది అనవసరపు అలంకారం. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు, తాండూరు బండల వైపు, ఏ ఊరి పక్కనైనా క్రషర్లు ఉన్న దారిలో రోజూ తిరిగేవాళ్లకు, కొత్తగా తారు వేసి పైన చిప్స్ చల్లిన రోడ్ల మీద పోక తప్పనివాళ్లకు మాత్రం ఇది ఉపయోగం. అయితే రాళ్ల కన్నా ముందు మన ప్రాంతంలో ఇంకో సమస్య ఉంది, పత్తి. వరంగల్, ఖమ్మం, ఆదిలాబాద్ దారుల్లో పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డుకు పోయే ట్రాక్టర్ల వెనక నడిపినవాళ్లకు తెలుసు, దారి పొడుగునా దూది ఎగురుతూనే ఉంటుంది. అది ఫిన్ల సందుల్లో చిక్కుకుని, దాని మీద దుమ్ము పేరుకుని, తడిసి ఆరి, చాపలా తయారవుతుంది. జాలి వేస్తే దూది ముందు దాని మీద పడుతుంది. ఇది లాభమూ నష్టమూ కూడా. తరచూ శుభ్రం చేసేవాళ్లకు లాభం, జాలి కట్టి మరిచిపోయేవాళ్లకు నష్టం.

రైతులకు ఈ సంగతి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ట్రాక్టర్ రేడియేటర్ ముందు పొట్టు ఆపడానికి ఊడదీసే జాలి ఉంటుంది. నూర్పిళ్ల కాలంలో దాన్ని రోజుకు ఒకటి రెండు సార్లు తీసి దులపకపోతే బండి కాగిపోతుంది. వరికోత మిషన్లలో రేడియేటర్ ముందు గుండ్రంగా తిరిగే జల్లెడ ఉంటుంది, పొట్టు దాని మీద నిలవకుండా అదే విదిలించుకుంటుంది. అక్కడ జాలి బిగించినవాళ్లకు దాన్ని శుభ్రం చేయాలన్న సంగతి కూడా తెలుసు. కారుకు సొంతంగా జాలి కట్టుకునేవాళ్లలో చాలామంది మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేస్తారు.

హార్డ్‌వేర్ షాపుకి వెళ్తే సంభాషణ ఇలా ఉంటుంది.

"ఏం జాలి కావాలి సార్?"

"కారు ముందు కట్టాలయ్యా, రాళ్లు రాకుండా."

"అయితే దోమల జాలి తీసుకోండి సార్, దుమ్ము కూడా రాదు."

ఆ మాట వినగానే మనకూ నిజమే అనిపిస్తుంది. దుమ్ము కూడా రాకపోతే ఇంకా మంచిదే కదా! మంచిది కాదు. ఇంజిన్ లోపలికి పోయే గాలికి ఎయిర్ ఫిల్టర్ ఉంది, దుమ్ము సంగతి అది చూసుకుంటుంది. ఇంటర్‌కూలర్ బయటి నుంచి పోయే గాలి ఇంజిన్‌లోకి పోదు, వేడిని తీసుకుని వెళ్లిపోతుందంతే. దాన్ని వడకట్టాల్సిన అవసరమే లేదు. అక్కడ మనం ఆపాల్సింది ఒక్క రాయినే, అదీ నష్టం చేసేంత రాయినే. 6 మిల్లీమీటర్ల రాయి గ్రాములో మూడో వంతు కూడా ఉండదు. అంతకన్నా చిన్నవి పోతే పోనివ్వండి.

కాబట్టి కన్నం 6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే సరిపోతుంది, అంటే పావు అంగుళం గళ్ల జాలి. ఇందులో ఎంత భాగం ఖాళీయో నోటిలెక్కతోనే చెప్పొచ్చు. కన్నం 6 మిల్లీమీటర్లు, తీగ ఒక మిల్లీమీటరు అనుకోండి. ఒక్కో గడి మొత్తం 7 ఏళ్లు 49, అందులో ఖాళీ 6 ఆర్లు 36. 49లో 36 అంటే 73 శాతం. దోమల జాలికి కూడా ఇదే లెక్క వేస్తే 66 శాతం దాకా వస్తుంది. పెద్ద తేడా ఏముంది అనిపిస్తుంది. కానీ ఆ 66 శాతం షాపులో ఉన్నప్పటి మాట. తొలకరి వానకి ఉసిళ్లు లేచిన సాయంత్రం ఒక్క గంట ప్రయాణం చేస్తే అందులో సగం కూడా మిగలదు. మిల్లీమీటరు పైచిలుకు కన్నంలో ఒక్క రెక్క అతుక్కుంటే ఆ గడి మూసుకున్నట్టే. పావు అంగుళం గడిలోంచి అదే రెక్క జారిపోతుంది. దోమల జాలి రెండు మడతలు వేసి కట్టినవాళ్లు ఎండాకాలంలో ఏసీ చల్లగా రావడం లేదని గ్యాస్ నింపించుకుంటూ ఉంటారు. గ్యాస్ తప్పేం లేదు పాపం, కండెన్సర్‌కి గాలే అందడం లేదు.

కోళ్ల జాలి చవక, అయితే అరంగుళం కన్నం, మెత్తటి తీగ. చిన్న కంకర దాటిపోతుంది, పెద్ద రాయికి లోపలికి వంగుతుంది. వెల్డ్ మెష్ గట్టిగా నిలబడుతుంది. జింకు పూత ఉన్న జీఐ రకం తీసుకుంటే మన మెట్ట ప్రాంతాల్లో చాలాకాలం వస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్లవాళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు జాలికి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టవచ్చు, కానీ అది ఇంటర్‌కూలర్‌కి ఎక్కడా ఆనకూడదు. స్టీలూ అల్యూమినియమూ ఒకదానికొకటి ఆని ఉండి, మధ్యలో ఉప్పుతడి చేరితే తినేసేది అల్యూమినియాన్నే. ఉప్పుగాలి లేని ఊళ్లో కూడా ఆనకూడదు. బండి అదురుకి జాలి అంచు ఫిన్లను రంపంలా కోస్తూ పోతుంది. రాయి చేయని పని జాలి చేసినట్టవుతుంది. మధ్యన కనీసం రెండు వేళ్ల ఎడం ఉంచాలి. రాయి తగిలినప్పుడు జాలి లోపలికి కుంగడానికి కూడా ఆ ఎడం కావాలి.

ముందుగా కత్తెర పట్టుకోవద్దు. పాత అట్టపెట్టె ముక్క తీసుకుని, గ్రిల్లు లోపలివైపు పట్టే కొలతకు కత్తిరించి, పెట్టి చూసి, మళ్లీ కత్తిరించండి. కొన్ని బండ్లకు కింది ప్లాస్టిక్ పళ్లెం విప్పితే చెయ్యి దూరుతుంది, కొన్నింటికి బంపర్ విప్పక తప్పదు. బంపర్ విప్పాల్సి వస్తే మాత్రం సర్వీసింగుకి ఇచ్చిన రోజునే ఈ పని కూడా పెట్టుకోండి, క్లిప్పులు విరగ్గొట్టుకునే అవస్థ తప్పుతుంది. అట్ట సరిపోయాక దాని మీద జాలి పరిచి, చుట్టూ ఒక గడి ఎక్కువ ఉంచి రేకు కత్తెరతో కోయాలి. చేతులకు తోలు తొడుగులు తప్పనిసరి. కోసిన తీగ కొసలు సూదుల్లా ఉంటాయి. ఆ ఎక్కువ ఉంచిన గడిని వెనక్కి మడిచి, అంచు చుట్టూ పొడవునా చీల్చిన సన్నటి రబ్బరు పైపు తొడగండి. ఈ పైపు ముక్క పని చూడ్డానికి చిల్లరగా ఉంటుంది గానీ, జాలి గడగడలాడకుండా ఆపేది అదే. నల్ల రంగు స్ప్రే పలచగా కొడితే బయటికి కనపడదు. మందంగా కొడితే గడుల మూలలు పూడుకుపోతాయి.

కట్టడం గ్రిల్లు ప్లాస్టిక్ కమ్మీలకే కట్టాలి, లేదా లోపలి ఫ్రేముకి ఇప్పటికే ఉన్న బోల్టులకు. ఇంటర్‌కూలర్ ఫిన్ల సందుల్లోంచి టై దూర్చి బిగించడం మహాపాపం. నల్ల రంగు కేబుల్ టైలు ఎండకు ఎక్కువకాలం ఆగుతాయి, తెల్లవి త్వరగా పెళుసెక్కి పుటుక్కుమంటాయి. కొత్తగా కన్నాలు వేయొద్దు. ముందుభాగంలో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల వైర్లు పోతుంటాయి.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. ముందు బండి దగ్గరైతే తానే బ్రేక్ వేసే కార్లు ఈమధ్య వస్తున్నాయి. వాటికి గ్రిల్లులోనో, కంపెనీ గుర్తు వెనకో రాడార్ ఉంటుంది. 77 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేసే ఆ రాడార్ తరంగం పొడవు 4 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఇనుప జాలి దానికి అడ్డంగా పెట్టామంటే కళ్లకు గంతలు కట్టినట్టే. మీ బండిలో అది ఎక్కడుందో మాన్యువల్‌లో చూసుకుని ఆ మేర జాలి లేకుండా వదిలేయండి. గ్రిల్లులో తెరుచుకుని మూసుకునే రెక్కలున్న బండ్లకు ఈ పని అసలు పెట్టుకోవద్దు. ఇక చట్టం మాటకొస్తే, 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖ బంపర్ ముందు బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్ల గురించి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు అవి విరుద్ధమని అందులో చెప్పారు. ఎదుటి మనిషికి తగిలేలా బయటికి పొడుచుకొచ్చేవి అవి. గ్రిల్లు వెనక ఉండే జాలి ఆ కోవలోది కాదు. కాకపోతే జాలి పేరుతో బంపర్ బయట ఇనుప చట్రం బిగిస్తే మాత్రం అదే కోవలోకి వస్తుంది.

కట్టాక అది గాలికి అడ్డం పడుతోందా అన్నది ఊహతో తేల్చక్కర్లేదు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి తగిలించే చిన్న బ్లూటూత్ పరికరం దొరుకుతుంది. ఫోన్‌లో లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రత చూపిస్తుంది. జాలి కట్టకముందు ఒక మధ్యాహ్నం, కట్టాక అలాంటి ఎండే ఉన్న ఇంకో మధ్యాహ్నం, అదే రోడ్డు మీద అదే వేగంతో చూసుకోండి. బయటి ఎండకూ ఆ అంకెకూ మధ్య తేడా రెండు మూడు డిగ్రీలు పెరిగితే కంగారు లేదు, పది పెరిగితే ఆ జాలి పనికిరాదు. ఒక మెలిక ఉంది. కొన్ని బండ్లలో ఆ సెన్సర్ టర్బోకి ముందే ఉంటుంది. గట్టిగా తొక్కి లాగించినా అంకె బయటి ఎండ దగ్గరే కదలకుండా ఉంటే మీ బండి ఆ రకమని అర్థం, ఆ లెక్కను పట్టించుకోకండి. అప్పుడు ఏసీ చల్లదనమూ, ఘాట్ ఎక్కేటప్పుడు బండి లాగే తీరూ చూసుకోవాలి.

కడగడం గురించి ఒక మాట. వాటర్ సర్వీసింగ్ కుర్రాళ్లు బురద పోవాలని గన్ తీసుకుని దగ్గరగా కొడతారు. ఆ నీటి దెబ్బకు ఫిన్లు వరసలు వరసలుగా పడుకుంటాయి. రాళ్లు ఏడాదిలో చేసే నష్టం అది నిమిషంలో చేస్తుంది. "తమ్ముడూ, ముందు గ్రిల్లులోకి గన్ కొట్టకు, మామూలు పైపుతో నీళ్లు వదులు" అని చెప్పి, పక్కన నిలబడండి. చెయ్యి దూరితే లోపలి నుంచి బయటికి కడగడం మేలు, వచ్చిన దారినే చెత్త వెళ్లిపోతుంది.

రేపు పొద్దున బండి తీసే ముందు గ్రిల్లులోకి ఒకసారి లైటు వేసి చూడండి. ఫిన్లు శుభ్రంగా ఉండి, మీరు తిరిగే దారిలో క్రషర్లు లేకపోతే ఈ జాలి సంగతి మరిచిపోండి. దెబ్బలు కనిపిస్తే పావు అంగుళం వెల్డ్ మెష్ తెచ్చి కట్టుకోండి, పత్తి ట్రాక్టర్లు తిరిగినన్నాళ్లూ వారానికోసారి తీసి దులపండి. దోమల జాలి మాత్రం ఇంటి కిటికీకే వాడండి.